డూమ్ మొదటిసారి ఆడేవారికి: పీతనడక నుంచి మొదటి ఎపిసోడ్ చివరి దాకా

విశాఖలో మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ మాస్టారు పదవీ విరమణ తర్వాత డూమ్ అనే కంప్యూటర్ తుపాకీ ఆట మొదలుపెట్టారు. మూడో రోజు తలుపు తట్టి, "ఎటు చూసినా గోడే బాబూ, ఎవడు కొడుతున్నాడో తెలిసేలోపే చచ్చిపోతున్నాను" అన్నారు. అంతకుముందు మధురవాడలో ఉండే మా మేనల్లుడిదీ ఇదే గోడు. అడిగిన ప్రతివారికీ మొదటి నుంచి చెప్పుకొస్తున్నాను కనుక ఒకసారి వరసగా రాసి పెడుతున్నాను.

ఇది 1993 డిసెంబరులో వచ్చిన మొదటి డూమ్ గురించి. అదే పేరుతో తర్వాత వచ్చిన కొత్త ఆటలకు ఇందులోని సలహాలు చాలావరకు పనికిరావు.

ముందే ఒక మాట. ఈ ఆటలో గురి చూడటం కన్నా కాళ్ళు కదపటమే ముఖ్యం. తుపాకీ ఆటలు ఎన్ని ఆడినవారైనా ఇక్కడ తడబడేది కాళ్ళ దగ్గరే. అందుకే అయిదో మెట్టు మీద ఎక్కువ సేపు నిలబడతాను. దాన్ని మాత్రం దాటేయకండి.

రక్తం, వికృతమైన బొమ్మలు ఉన్న ఆట ఇది. చిన్నపిల్లలు గదిలో లేనప్పుడు ఆడండి.

1. ఆట సంపాదించడం

మూడు దారులున్నాయి.

మొదటిది, ఆటలమ్మే ఆన్‌లైన్ అంగళ్ళలో కొనడం. స్టీమ్‌లోనూ, జీఓజీలోనూ మొదటి డూమ్, రెండో డూమ్ కలిపి ఒకే మూటగా దొరుకుతాయి. 2024 ఆగస్టులో సవరించి విడుదల చేసిన కూర్పు అది. కొని, దించుకుని, నొక్కితే నడుస్తుంది. సర్దుబాట్లతో కుస్తీ పట్టే ఓపిక లేనివారికి ఇదే మేలు.

రెండోది, షేర్‌వేర్ కూర్పు. మొదటి ఎపిసోడ్‌ను, అంటే ఆటలోని మొదటి లెవెళ్ళ గుంపును, ఉచితంగా పంచుకోవడానికి తయారీదారులే అనుమతించారు. దాని ఫైలు పేరు డూమ్1.వాడ్, పరిమాణం సుమారు 4 మెగాబైట్లు. ఫోనులో తీసిన ఒక్క ఫొటో కూడా ఒక్కోసారి అంతకన్నా పెద్దదే. ఈ ఫైలు ఒంటరిగా నడవదు, నడిపించే ప్రోగ్రాము వేరే కావాలి. పాత లాప్‌టాప్ అయితే క్రిస్పీ డూమ్, గ్రాఫిక్స్ కాస్త బాగా నడిచే కంప్యూటర్ అయితే జీజీడూమ్ (GZDoom) దించుకోండి. వాడ్ ఫైలును ప్రోగ్రాము ఉన్న ఫోల్డరులోనే పెట్టండి. "ఆట తెరుచుకోవడం లేదు" అనేవారిలో ఎక్కువమంది ఆ ఫైలును డౌన్‌లోడ్ల ఫోల్డరులోనే వదిలేసినవారు.

మూడోది ఫ్రీడూమ్. పూర్తిగా ఉచితం, బాగుంటుంది కూడా. అయితే అందులోని లెవెళ్ళు, రాక్షసులు వేరు. ఈ వ్యాసం చూస్తూ ఆడాలనుకుంటే పై రెంటిలో ఒకటి ఎంచుకోండి.

ఫోనులో వేలితో ఆడే కూర్పులూ ఉన్నాయి. మొదటిసారికి వద్దు. బొటనవేళ్ళు తెరలో సగం కప్పేస్తాయి.

2. బల్ల సర్దుకోవడం

పెద్ద కంప్యూటర్ అక్కరలేదు. పదిహేనేళ్ళ నాటిదైనా సరిపోతుంది. మన ఊరికి తగ్గ జాగ్రత్తలు మాత్రం కొన్ని ఉన్నాయి.

లాప్‌టాప్‌కు వైరున్న మౌసు తగిలించండి. టచ్‌ప్యాడ్‌తో ఈ ఆట ఆడటం చేతులకు తొడుగులు వేసుకుని ఇడ్లీ తినడం లాంటిది. బీచ్ రోడ్డు వైపు ఇళ్ళలో ఉప్పుగాలికి యూఎస్‌బీ మొనలు తుప్పు పడతాయి. మౌసు ఉన్నట్టుండి ఆగిపోతుంటే దాన్ని పారేసే ముందు ఆ మొనను పొడిగుడ్డతో తుడిచి చూడండి. ఏప్రిల్, మే నెలల్లో అరచేతి చెమటకు మౌసు జారుతుంది. పక్కన నూలు తువ్వాలు ఒకటి ఉండాలి.

హెడ్‌ఫోను తప్పనిసరి. ప్రతి రాక్షసుడూ మిమ్మల్ని చూడగానే ఒక అరుపు అరుస్తాడు. అది ఎడమ చెవిలో వినిపించిందా, కుడి చెవిలోనా అన్నదే మీకు మొదటి కబురు. సీలింగు ఫ్యాను హోరులో స్పీకర్ల నుంచి ఆ తేడా తెలియదు.

కీబోర్డును ఒకసారి పరీక్షించండి. ఆటలో షిఫ్టు, ముందుకు నడిచే మీట, పక్కకు జరిగే మీట ఒకేసారి నొక్కి పట్టి, స్పేస్ కూడా నొక్కండి. చవక కీబోర్డులు కొన్ని మూడో మీటనో నాలుగో మీటనో పట్టించుకోవు. అలాంటిది ఎదురైతే ఆట సర్దుబాట్లలో "ఎప్పుడూ పరుగే" అన్న ఎంపిక పెట్టుకుంటే షిఫ్టు నొక్కే పని తప్పుతుంది.

3. మీటలు

కూర్పును బట్టి ముందే పెట్టి ఉన్న మీటలు మారతాయి. ఆట మొదలుపెట్టే ముందు మీటల పట్టిక తెరిచి ఇలా ఉన్నాయో లేదో చూసుకోండి.

□ డబ్ల్యూ ముందుకు, ఎస్ వెనక్కు
□ ఏ ఎడమ పక్కకు, డీ కుడి పక్కకు (తిరగడం కాదు, జరగడం)
□ మౌసు ఎడమ బొత్తాము కాల్పు
□ స్పేస్ లేదా ఈ: ఆటలోని తలుపులు, గోడ మీది మీటలు, లిఫ్టులు
□ 1 నుంచి 7 వరకు అంకెలు: ఆయుధాలు
□ ట్యాబ్: పటం
□ ఎఫ్6 త్వరిత సేవ్, ఎఫ్9 దాన్ని తిరిగి తెరవడం
□ ఎఫ్11: తెర వెలుగు పెంచడం

చివరిది చాలామందికి తెలియదు. పాత పద్ధతిని పాటించే కూర్పుల్లో ఎఫ్11 నొక్కుతూ పోతే చీకటి గదులు ఒక్కో మెట్టు వెలుగుతాయి. పగలు కిటికీ పక్కన కూర్చుని ఆడేవారికి ఇది ప్రాణదాత.

మౌసుతో రెండు ఇబ్బందులు వస్తాయి. పాత పద్ధతిలో మౌసును ముందుకు తోస్తే మనిషే ముందుకు నడుస్తాడు. మీకు తెలియకుండానే గుంటలో పడుతుంటారు. సర్దుబాట్లలో మౌసు నిలువు కదలికను ఆపేయండి. జీజీడూమ్‌లో ఇబ్బంది ఇంకో రకం: మౌసు పైకీ కిందికీ చూపు తిప్పుతుంది. మొదటిసారికి దాన్నీ ఆపేయండి. శత్రువు మేడ మీద ఉన్నా, గుంటలో ఉన్నా, మీరు అతని వైపు తిరిగి కాలిస్తే చాలు, ఎత్తు సంగతి ఆటే చూసుకుంటుంది. అసలు కూర్పులో పైకి చూడటం, గెంతడం అనేవే లేవు.

4. కఠినత ఎంచుకోవడం

అయిదు స్థాయిలు కనిపిస్తాయి. పై నుంచి రెండోది ఎంచుకోండి.

మొదటి స్థాయిలోనూ, రెండో స్థాయిలోనూ రాక్షసుల సంఖ్య ఒకటే. తేడా ఏమిటంటే, మొదటిదానిలో దెబ్బ సగమే తగులుతుంది, తూటాలు రెట్టింపు దొరుకుతాయి. అలా అలవాటైతే తూటాల పొదుపు ఎప్పటికీ రాదు. అయిదో స్థాయిలో చచ్చిన రాక్షసులు మళ్ళీ లేస్తారు. దాని జోలికి వెళ్ళకండి.

5. పీతనడక

ఆర్కే బీచ్‌లో ఇసుక పీతను తరిమి చూసే ఉంటారు. కళ్ళు మీ మీదే ఉంటాయి, కాళ్ళు మాత్రం పక్కకు పరుగెడతాయి. డూమ్‌లో బతికేవాడి నడక అదే. చూపు శత్రువు మీద, కాళ్ళు ఏ, డీ మీటల మీద.

కొత్తవారు చేసేది దీనికి తలకిందులు. ఎదురుగా శత్రువు కనిపించగానే ఉన్నచోటే బిగుసుకుపోయి కాలుస్తారు, లేదా వెనక్కు తిరిగి పారిపోతారు. మొదటిదానిలో అగ్నిగోళం నేరుగా మొహానికి తగులుతుంది. రెండోదానిలో వీపుకు తగులుతుంది. జగదాంబ జంక్షన్ దగ్గర రోడ్డు దాటేటప్పుడు వచ్చే ఆటోకు వీపు చూపిస్తామా?

మొదటి లెవెల్ హ్యాంగర్‌లో ఒక్క తూటా కాల్చకుండా ఈ అభ్యాసాలు చేయండి. పావుగంట చాలు.

అభ్యాసం ఒకటి: ఒక స్తంభానికి ఎదురుగా నిలబడండి. డీ నొక్కి పట్టి, మౌసును నెమ్మదిగా ఎడమకు తిప్పుతూ, స్తంభం తెర మధ్యనుంచి కదలకుండా దాని చుట్టూ ప్రదక్షిణ చేయండి. మొదట స్తంభం తెరలోంచి జారిపోతుంది. మూడు చుట్లు సాఫీగా తిరగగలిగితే అటువైపు నుంచి, అంటే ఏ నొక్కి, మౌసు కుడికి తిప్పుతూ చేయండి.

అభ్యాసం రెండు: గోడ మూలకు ఆనుకుని నిలబడండి. పక్కకు ఒక అడుగు జరిగి గదిలోకి చూసి, వెంటనే వెనక్కు జరిగి గోడ చాటుకు రండి. ఈలోగా మౌసు కదలకూడదు. తొంగిచూడటం, కాల్చడం, చాటుకు రావడం: ఎపిసోడంతా చేసేది ఇదే.

అభ్యాసం మూడు: తలుపు తెరిచి వెనక్కు నడవండి. మామూలు తలుపులు నాలుగు సెకన్లలో వాటంతట అవే మూసుకుంటాయి. రాక్షసులు కూడా వాటిని తెరుచుకుని రాగలరు. కనుక తలుపు తెరవగానే లోపలికి దూరకుండా, పక్కకు జరిగి నిలబడి, వచ్చేవారిని రానివ్వండి. గుమ్మంలో ఒక్కొక్కరే పడతారు.

మాస్టారికి మొదటి అభ్యాసానికే రెండు సాయంత్రాలు పట్టింది. మూడో సాయంత్రం ఆయన నన్ను పిలవలేదు, హ్యాంగర్ దాటేశారు.

6. ముందు ఎవరిని కొట్టాలి

శత్రువులను రెండు జట్లుగా చూడండి: తప్పించుకోగల దెబ్బ కొట్టేవారు, తప్పించుకోలేని దెబ్బ కొట్టేవారు.

తుపాకులు పట్టుకున్న జాంబీ సైనికులు రెండో జట్టు. వారి తూటా పేలిన క్షణమే తగులుతుంది, పీతనడక అక్కడ పనిచేయదు. చూడటానికి అల్పులు, కానీ కొత్తవారి ప్రాణాలు ఎక్కువగా తీసేది షాట్‌గన్ పట్టుకున్న బట్టతల సార్జెంటే. కనుక గదిలో ఎందరున్నా ముందు తుపాకీవాళ్ళు. వాళ్ళ దగ్గర గోడ చాటే కవచం.

గోధుమరంగు ఇంప్ అగ్నిగోళాలు విసురుతుంది. అవి నెమ్మదిగా వస్తాయి. దూరం ఉంచి పక్కకు జరిగితే చాలు. షాట్‌గన్ దెబ్బలు ఒకటో రెండో తగిలితే పడిపోతుంది.

గులాబీరంగు ఎద్దులాంటివాడికి ఆటగాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు పింకీ. వాడికి కరవడం తప్ప ఏమీ రాదు. వెనక్కు నడుస్తూ షాట్‌గన్‌తో రెండు మూడు దెబ్బలు. వెనక గోడ తగలకుండా చూసుకోవడమే మీ పని. రెండో లెవెల్ రహస్య గదిలో దొరికే రంపాన్ని వాడికి ఆనించి పట్టుకుంటే దాదాపు కరవనే కరవలేడు. నీడలా మసకగా కదిలే స్పెక్టర్ కూడా పింకీయే, కనిపించకపోవడం ఒక్కటే తేడా.

ఇక ఈ ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి: వీళ్ళను వీళ్ళే కొట్టుకునేలా చేయవచ్చు. ఇంప్‌కూ మీకూ మధ్య పింకీ ఉండేలా జరగండి. ఇంప్ విసిరిన గోళం పింకీ వీపున తగిలితే వాడు మిమ్మల్ని వదిలి దాని మీద పడతాడు. మీరు గోడ చాటున నిలబడి, మిగిలినవాడి పని ముగించండి. తూటాలు కలిసొస్తాయి. పేలే పీపాలూ అంతే. వాటి పక్కన శత్రువు ఉంటే పీపాను కాల్చండి, మీరు పక్కన ఉంటే పరుగెత్తండి.

ఎటునుంచి దెబ్బ తగిలిందో తెలియకపోతే తెర అడుగున ఉన్న మొహం చూడండి. దెబ్బ పక్కనుంచి వస్తే ఆ కళ్ళు అటు తిరుగుతాయి.

7. తుపాకులు, తూటాలు, మందులు

పిస్తోలు, 50 తూటాలతో మొదలవుతారు. షాట్‌గన్ దొరకగానే దాదాపు ప్రతి పనికీ అదే. ఒక్కో దెబ్బలో ఏడు గుళ్ళు చెల్లాచెదురుగా వెళ్తాయి కనుక దగ్గరైతే ఒకడు పడతాడు, దూరమైతే ముగ్గురికి గీతలు పడతాయి. దూరపు సైనికులకు, తూటాలు వరసగా కక్కే చెయిన్‌గన్‌తో రెండేసి తూటాలుగా కాల్చండి. మొదటి రెండు నేరుగా వెళ్తాయి, బొత్తాము నొక్కి పట్టి ఉంచితే మిగిలినవి చెదురుతాయి. రాకెట్ పేలుడు మనిషి ఎత్తుకు రెండింతలకు పైగా దూరం తాకుతుంది. మూసి ఉన్న గదుల్లో దాన్ని తీయకండి.

షాట్‌గన్ గుళ్ళు 50కి మించి మోయలేరు. వీపుసంచి దొరికితే ఆ హద్దు 100 అవుతుంది.

మందుల దగ్గర చిన్న లోభం అవసరం. పెద్ద మందుపెట్టె 25 శాతం ప్రాణం ఇస్తుంది, కానీ 100 దాటనివ్వదు. మీరు 90 దగ్గర ఉంటే పదిహేను వృథా. దాన్ని అక్కడే వదిలి, గది గుర్తుపెట్టుకుని, దెబ్బ తిన్నాక తిరిగి రండి. నీలం సీసాలు ఒక్కొక్క శాతమే ఇస్తాయి, కానీ 200 వరకు పెంచుతాయి.

కవచంలో ఒక ఉచ్చు ఉంది. పచ్చది దెబ్బలో మూడో వంతు ఆపుతుంది, నీలంది సగం ఆపుతుంది. ఒంటి మీద నీలం కవచం 99కి తగ్గాక పచ్చదాని మీద నడిస్తే, నీలం పోయి పచ్చది వస్తుంది. అంకె 100 అయిందని సంబరపడతాం, రక్షణ మాత్రం తగ్గుతుంది. ఇంకా 80, 90 ఉన్నప్పుడు పచ్చదాని పక్కనుంచి తప్పుకుని వెళ్ళండి.

8. దారి తప్పినప్పుడు

తప్పుతారు. మూడో లెవెల్ టాక్సిన్ రిఫైనరీలో అందరూ తప్పుతారు.

ట్యాబ్ నొక్కండి. పాత పటంలో ఎర్రగీత అంటే గోడ. గోధుమరంగు అంటే నేల ఎత్తు మారే చోటు, పసుపు అంటే పైకప్పు ఎత్తు మారే చోటు. తలుపులు సాధారణంగా పసుపుగీతలుగా కనిపిస్తాయి. ఈ వరసలో వెతకండి:

□ వెళ్ళని పసుపుగీతలు ఏమైనా ఉన్నాయా?
□ "తాళంచెవి కావాలి" అని చెప్పిన తలుపు రంగు ఏది? తలుపు చట్రం మీద ఆ రంగే ఉంటుంది.
□ గోడ మీద నొక్కని మీట ఎక్కడైనా మిగిలిందా? నొక్కాక ఏ దిక్కున చప్పుడైంది?
□ లిఫ్టులా కనిపించే గట్టును స్పేస్‌తో తట్టి చూశారా?

ఇవన్నీ అయ్యాక చుట్టుపక్కల గోడలతో పోలని చిన్న ముక్క కోసం చూడండి. రంగు తేడాగా ఉన్న పలక, అతుకు కుదరని చోటు కనిపిస్తే స్పేస్ నొక్కండి. రహస్య తలుపులు పటంలో మామూలు ఎర్రగోడల్లాగే కనిపిస్తాయి కనుక కంటితోనే పట్టుకోవాలి. అలాగని ప్రతి గోడనూ తడుముతూ తిరగకండి. రహస్యాలు చాలావరకు బహుమతులే, దారి ముందుకు సాగడానికి అవి అక్కరలేదు.

పచ్చని ద్రవంలో దిగవలసి వస్తే ఒక్క సెకను నిలబడి ప్రాణం శాతం చూడండి. తగ్గుతుంటే రక్షణ దుస్తుల కోసం వెతకండి, అవి ఒక నిమిషం కాపాడతాయి.

9. సేవ్ చేయడం

చస్తే లెవెల్ మొదటికి వెళ్తారు. పోగేసిన తుపాకులన్నీ పోయి పిస్తోలు, 50 తూటాలే మిగులుతాయి. కనుక ప్రతి లెవెల్ మొదట్లో ఎఫ్2తో ఒక విడి సేవ్ పెట్టుకోండి. తాళంచెవి దొరికినప్పుడల్లా ఎఫ్6.

అడుగడుగునా ఎఫ్6 నొక్కడం మాత్రం ప్రమాదం. 4 శాతం ప్రాణంతో, ఎదురుగా అగ్నిగోళం వస్తుండగా సేవ్ చేసుకుని, ఇరవై సార్లు అదే చావు చచ్చిన అనుభవం నాది. విడి సేవ్ ఉండబట్టి బయటపడ్డాను.

తుపాను రోజుల్లో, కరెంటు వచ్చిపోతుంటే, యూపీఎస్ లేని పెద్ద కంప్యూటర్ మీద ఆడకండి. సేవ్ రాస్తున్న క్షణాన కరెంటు పోతే ఆ ఫైలు పాడయ్యే అవకాశం ఉంది.

10. తల తిరిగితే

కొందరికి పది నిమిషాల్లో కడుపులో తిప్పుతుంది. భీమిలి రోడ్డు మలుపుల్లో కారు వెనక సీటులో కూర్చుని ఫోను చూసినట్టుంటుంది. వెంటనే ఆపండి, పంతానికి పోవద్దు. తర్వాత ఇవి మార్చి చూడండి: గదిలో దీపం వేయడం, తెరకు ఒక అడుగు దూరం జరగడం, మౌసు వేగం తగ్గించడం, నడిచేటప్పుడు తెర ఊగే ఎంపికను ఆపేయడం. ఆ ఎంపిక జీజీడూమ్‌లోనూ, క్రిస్పీ డూమ్‌లోనూ ఉంది. మొదటి వారం ఇరవై నిమిషాలకు మించి ఆడకండి.

11. తరచూ అడిగే చిక్కులు

*తూటాలు అయిపోతున్నాయి.* దూరం నుంచి షాట్‌గన్ వాడుతున్నారు. దగ్గరకు రానివ్వండి. చచ్చిన సైనికులు వదిలే తుపాకులు, తూటాల మీదుగా నడిచారా చూసుకోండి.

*ఒక్క తూటా పేల్చగానే అందరూ మీద పడుతున్నారు.* కాల్పు చప్పుడు తెరిచి ఉన్న దారుల గుండా పక్కగదులకు పాకుతుంది, మూసిన తలుపు దాన్ని ఆపుతుంది. ఒకసారి పేల్చాక గుమ్మం దగ్గర చాటున ఉండి వాళ్ళను రానివ్వండి.

*గది ఖాళీ చేశాక వెనకనుంచి కొట్టారు.* తాళంచెవి తీసుకున్నా, మీట నొక్కినా గోడలు తెరుచుకుని కొత్తవాళ్ళు వస్తారు. తాళంచెవి ముట్టే ముందే తూటాలు, ప్రాణం చూసుకుని, వెళ్ళే దారి వైపు మొహం తిప్పి ఉంచండి.

12. ఎనిమిదో లెవెల్

ఫోబోస్ అనామలీకి షాట్‌గన్ గుళ్ళు 40కి తగ్గకుండా, రాకెట్లు పది పదిహేను మిగుల్చుకుని వెళ్ళండి. అక్కడ ఇద్దరు బ్యారన్లు ఎదురవుతారు. పచ్చని గోళాలు విసురుతారు, దగ్గరైతే గోళ్ళతో చీరుతారు. ఒక్కొక్కరికి నాలుగైదు రాకెట్లు నేరుగా తగలాలి, షాట్‌గన్‌తో అయితే సుమారు పదిహేను దెబ్బలు. ఎపిసోడంతా ఇంప్‌ల మీద చేసిన పీతనడకే ఇక్కడా. దూరం ఉంచి, పక్కకు జరుగుతూ కొట్టండి. ఇద్దరినీ ఒకే వైపు ఉంచుకోండి, మధ్యలోకి వెళ్ళకండి. వీళ్ళిద్దరూ ఒకే జాతి కనుక ఒకరి గోళం తగిలినా ఇంకొకరికి దెబ్బ పడదు. కొట్లాట పెట్టే ఉపాయం ఇక్కడ పారదు.

ఇద్దరూ పడ్డాక చుట్టూ గోడలు కిందికి దిగి దారి తెరుచుకుంటుంది. అటు వెళ్ళి అక్కడి పీఠం ఎక్కితే ఒక చీకటి గదిలోకి వెళ్తారు. అక్కడ చుట్టుముట్టి కొడతారు, ప్రాణం జారిపోతుంది, బయటకు దారి ఉండదు. కంగారుపడి ఎఫ్9 నొక్కకండి. మా మేనల్లుడు అయిదుసార్లు నొక్కాడు. ఆ గది అలాగే ముగియాలి. ప్రాణం అడుగంటగానే ఎపిసోడ్ పూర్తయినట్టు తెర మారుతుంది.

రెండో ఎపిసోడ్ మొదలుపెట్టినప్పుడు చేతిలో మళ్ళీ పిస్తోలు, 50 తూటాలే ఉంటాయి.